డబ్బూ తీరికా అంతగా లేకుండా నలుగురికీ చిన్న చిన్న సాయాలు ఎలా చేయొచ్చు?

ప్రశ్న అడిగినవారు తమది నెల జీతం మీద నడిచే బతుకనీ, సాయంత్రం ఇంటికి చేరేసరికి ఓపిక ఉండదనీ, అయినా స్నేహితులకీ ముక్కూమొహం తెలియనివాళ్ళకీ ఏదో ఒకటి చేయాలని ఉందనీ రాశారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదట. చేస్తే నెత్తికెక్కుతారేమో అన్న భయం కూడా ఉందట.

నాదీ అదే బతుకు. ఉండేది విశాఖలో, కంచరపాలెంలో. మహారాణిపేటలో ఒక చిన్న ఆఫీసులో లెక్కలు రాస్తాను. నా మటుకు నేను చెప్పగలిగింది ఇదీ: సాయం చేయడానికని పనిగట్టుకుని ఎక్కడికీ వెళ్ళకండి. రోజూ నడిచే దారిలోనే, మీకు కొట్టిన పిండి అయిన పని ఒకటి చూసుకోండి. మీకు రెండు నిమిషాల్లో అయిపోయి, ఎదుటివాళ్ళకి ఒక పూట కలిసొచ్చేది అక్కడే ఏదో ఒకటి ఉంటుంది.

నా దారిలో ఉన్నది కేజీహెచ్, అంటే కింగ్ జార్జ్ హాస్పిటల్. బస్సు దిగాక ఆ గోడ పక్కనుంచే నడవాలి. 1923 నుంచీ ఉన్న ఆసుపత్రి, ఉత్తరాంధ్ర మొత్తానికీ పెద్ద దిక్కు. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు వైపు నుంచే కాదు, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు ఊళ్ళ నుంచీ వస్తారు. పొద్దున్నే చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఎక్స్‌రేలు, ఆధార్ కార్డు పట్టుకుని రోడ్డు మీద అటూ ఇటూ చూస్తూ నిలబడి ఉంటారు. ఓపీ ఎటు, జిరాక్స్ తీసే షాపు ఎక్కడ, తక్కువలో భోజనం ఎక్కడ దొరుకుతుంది, తిరిగి వెళ్ళడానికి బస్సు ఎక్కడ ఎక్కాలి. ఈ ఊళ్ళో ఉండే మనకి ఇవి అసలు ప్రశ్నలే కావు. కొత్తగా వచ్చినవాళ్ళకి మాత్రం ఒక్కొక్కటీ గంట సేపటి తిరుగుడు, పైగా ఎవరిని అడిగితే ఏం కసురుతారో అన్న బెరుకు.

అందుకే నా బ్యాగులో ఎప్పుడూ ఒక పెన్నూ, చిన్న నోటు పుస్తకమూ ఉంటాయి. నోటితో చెప్తే రెండో మలుపు దగ్గరే మర్చిపోతారు. వెళ్ళాల్సిన చోటు పేరు పెద్ద అక్షరాలతో రాసి చేతికిస్తే, చదువు రాకపోయినా దారిలో ఇంకొకరికి చూపించుకుంటారు. తెలుగు రానివాళ్ళయితే మాటల్లో పడకుండా మలుపు దాకా వెంట నడవడమే నయం. అరకు మీదుగా వెళ్ళే కిరండూల్ పాసింజరు రైలు పొద్దున్నే వెళ్ళిపోతుందని తెలియక, పదింటికి స్టేషన్‌కి ఆటో మాట్లాడుకునేవాళ్ళు ఉంటారు. ఆ ముక్క చెప్పి, అరకు బస్సుకి ఆర్టీసీ కాంప్లెక్సుకి వెళ్ళమంటే ఆ ఆటో డబ్బులు మిగులుతాయి.

ఒకసారి బొబ్బిలి వైపు నుంచి వచ్చిన పెద్దావిడ నన్ను ఆపి, "తల్లీ, ఈ కాయితం మీద ఏటి రాసున్నాదో కాస్త సదివి పెట్టమ్మా" అంది. పదిహేను రోజుల తరవాత రమ్మని ఉంది. ఆ హడావుడిలో ఆవిడ రేపే అనుకుని, రాత్రికి అక్కడే పడుకుందామని దుప్పటి కూడా సర్దుకుంది. చదివి చెప్పి, తేదీ లెక్కగట్టి, అదే కాగితం వెనక వారం పేరుతో సహా రాసిచ్చాను. సాయంత్రం బస్సుకి ఊరెళ్ళిపోయింది. నాకు పట్టిన టైమ్ ఎంతని? షేర్ ఆటో కోసం నిలబడేంత కూడా కాదు.

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. మందుల గురించి ఒక్క మాట కూడా చెప్పను. "ఈ మాత్ర ఎందుకమ్మా" అని అడిగితే, మందులిచ్చిన కౌంటర్ దగ్గరకే తీసుకెళ్ళి అడిగిస్తాను. మంచి చేయబోయి డాక్టర్ అవతారం ఎత్తేవాళ్ళని చూస్తే నాకు భయం.

స్నేహితుల సంగతి వేరు. అక్కడ దారి తెలియకపోవడం కాదు, మొహమాటం అడ్డొస్తుంది. మనమంతా "ఏమైనా కావాలంటే చెప్పు" అంటాం. ఎవరూ చెప్పరు. తల్లి ఆసుపత్రిలో ఉన్న మనిషి ఫోన్ తీసి "నాకు ఫలానాది చేసిపెట్టు" అని అడగడం జరిగే పని కాదు. అందుకే పని పేరు పెట్టి అడగాలి. "రేపు పొద్దున్న ఏడింటికి ఫ్లాస్కులో కాఫీ, డబ్బాలో ఇడ్లీ పంపిస్తున్నా. కారం పొడి పెట్టనా, చట్నీయా?" అంటే వాళ్ళు వద్దనలేరు, చట్నీ అని చెప్పి ఊరుకుంటారు. "పిల్లాణ్ణి స్కూల్ నుంచి నేను తీసుకొచ్చేస్తా, సాయంత్రం దాకా మా ఇంట్లో ఉంటాడు" అనండి. డబ్బా తిరిగివ్వాల్సిన పని లేకుండా పాత డబ్బాలో పంపండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, కడిగి, గుర్తుపెట్టుకుని, తిరిగి పంపించడం కూడా ఆ సమయంలో వాళ్ళకి ఒక బరువే.

చావు జరిగిన ఇంట్లో అయితే సాయం అంతా మొదటి పన్నెండు రోజుల్లోనే వచ్చిపడుతుంది. వండిపెట్టేవాళ్ళూ, పక్కన కూర్చునేవాళ్ళూ బోలెడు మంది. అసలు అవస్థ తరవాత మొదలవుతుంది. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, ఆ గడువు దాటితే ఆలస్య రుసుమూ అదనపు కాగితాలూ. సర్టిఫికెట్ వచ్చాక బ్యాంకు, ఇన్సూరెన్స్, పెన్షన్, గ్యాస్ కనెక్షన్, కరెంటు మీటరు, ప్రతిచోటా ఒక నకలు అడుగుతారు. నా స్నేహితురాలి భర్త పోయినప్పుడు నేను చేసిందల్లా ఒక ఫైలు కొని, ఎవరికి ఏ కాగితం ఇవ్వాలో వరసగా రాసి, ప్రతి శనివారం మధ్యాహ్నం తనతో పాటు ఒక ఆఫీసుకి వెళ్ళడం. క్యూలో ఎక్కువసేపు మాట్లాడుకోలేదు కూడా. ఒక్కతే వెళ్తే కౌంటర్ దగ్గర "భర్త పేరు ముందు కీర్తిశేషులు అని రాయండి" అన్నప్పుడు కళ్ళనీళ్ళు వచ్చేవని తను తరవాత చెప్పింది.

మా కంచరపాలెం చుట్టుపక్కల రైల్వేలోనూ పోర్టులోనూ పనిచేసి రిటైరైనవాళ్ళు ఎక్కువ. నవంబర్ వచ్చిందంటే వాళ్ళకి లైఫ్ సర్టిఫికెట్ టెన్షన్. బతికే ఉన్నామని ఏటేటా రుజువు చూపించాలి, లేకపోతే పెన్షన్ ఆగుతుంది. మోకాళ్ళ నొప్పులతో బ్యాంకు దాకా వెళ్ళి నిలబడేవారు. ఇప్పుడు జీవన్ ప్రమాణ్ యాప్‌లో ఫోన్ కెమెరాతో మొహం చూపించి ఇంట్లోనే ఇచ్చేయొచ్చు. ఆధార్ నంబరు, పెన్షన్ మంజూరు కాగితం మీద ఉండే పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు దగ్గర పెట్టుకుంటే చాలు. ఆధార్ ఫేస్ ఆర్‌డీ అనే యాప్ కూడా ఫోన్‌లో ఉండాలి. వరండాలో వెలుగు మొహం మీద పడేలా కూర్చోబెట్టండి, వెనకనుంచి ఎండ కొడితే పని జరగదు. రెప్ప ఆర్పమన్నప్పుడు మా వీధి పెద్దలు మరీ బిగదీసి చూస్తారు, ఫొటో స్టూడియో అలవాటు! 80 దాటిన కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు అక్టోబర్ నుంచే ఇవ్వొచ్చు. ఈపీఎఫ్, అంటే ప్రావిడెంట్ ఫండ్ పెన్షన్ వాళ్ళకి నవంబర్ గొడవే లేదు, ఎప్పుడు ఇచ్చినా అప్పటి నుంచి ఏడాది చెల్లుతుంది. ఈ ఒక్క సంగతి తెలియక నవంబర్‌లో కంగారుపడేవాళ్ళు ఎంతమందో.

ఓటీపీ వస్తే పెద్దవాళ్ళ చేతే కొట్టించండి, ఇంట్లోవాళ్ళు ఎవరైనా పక్కన ఉండగా చేయండి. రేపు ఏదైనా తేడా వస్తే మన మీదకి రాకుండా ఉండటానికి కూడా ఇది మంచిది.

సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు మీరు ఈ ఊళ్ళో ఉంటే చూసే ఉంటారు. ఆషాఢ పున్నమికి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు జనం నడుస్తారు, దారి పొడుగునా మంచినీళ్ళు, మజ్జిగ, పులిహోర పంచే టెంట్లు. మొదటి సగంలో తినలేక వదిలేసేంత ఇస్తారు. మా వైపు వచ్చేసరికి నడిచేవాళ్ళకి కావాల్సింది పులిహోర కాదు, కాళ్ళు చాపుకునే జాగా, నొప్పికి రాసుకునే మందు. ఆడవాళ్ళకి అన్నిటికన్నా ముందు బాత్రూమ్. మా పక్క వీధిలో ఒకావిడ ఏటా ఇంటి గేటు తీసిపెట్టి, అట్టముక్క మీద "ఆడవాళ్ళు బాత్రూమ్ వాడుకోవచ్చు" అని రాసి వేలాడదీస్తారు. బకెట్‌తో నీళ్ళు, ఒక సబ్బు. అంతే ఖర్చు. ఆ రాత్రి ఆ గేటు దగ్గర ఉండేంత వరస ఏ టెంటు దగ్గరా ఉండదు. ఇచ్చేవాళ్ళకి ఏది ఇవ్వాలనుందో కాకుండా, తీసుకునేవాళ్ళకి ఎక్కడ ఇబ్బందిగా ఉందో చూసిన మనిషి ఆవిడ.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడూ అంతే. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు. జనరేటర్ ఉన్న ఒక ఇంటివాళ్ళు సాయంత్రాలు అరుగు మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టేవారు. ఎవరి ఫోనైనా సగం ఎక్కాక తీసేయాలని నియమం. దూరాన ఉన్న పిల్లలతో ఒక మాట మాట్లాడటానికి ఆ సగం చాలు.

రక్తం కావాలి అనే వాట్సాప్ మెసేజ్‌ల గురించి కూడా చెప్పాలి. ఫార్వర్డ్ చేయడాన్ని నేను సాయం కింద లెక్కేయను. ముందు ఆ నంబరుకి ఫోన్ చేసి ఇంకా అవసరం ఉందా, ఏ గ్రూపు, ఏ ఆసుపత్రి అని కనుక్కుని, ఇవ్వగల ఒక్క మనిషికి నేరుగా ఫోన్ చేయండి. నెలల కిందటి మెసేజ్‌లు ఇంకా తిరుగుతుంటాయి. మీరే ఇవ్వాలనుకుంటే మగవాళ్ళకి మూడు నెలలకోసారి, ఆడవాళ్ళకి నాలుగు నెలలకోసారి వీలుంటుంది.

మిగతావి చెప్పుకునేంతవి కావు. ఆకుకూరలామె దగ్గర సాయంత్రం పూట బేరమాడకపోవడం, చిల్లర సరిగ్గా ఇవ్వడం లాంటివి. ఫొటో తీసి స్టేటస్ పెట్టే దానాలంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. తీసుకునేవాళ్ళ మొహం ఊరంతా చూడాలా?

ఇక మీ ఆఖరి భయం, నెత్తికెక్కడం. ఎక్కుతారు, కొందరు. దానికి మంచితనం తగ్గించుకోనక్కర్లేదు, టైమ్ పెట్టుకుంటే చాలు. మా వీధిలో రిటైర్డ్ రైల్వే మావయ్యగారు ఒకరు లైఫ్ సర్టిఫికెట్ అయ్యాక, కరెంటు బిల్లుకీ, మనవడి రిజల్ట్‌కీ, ఫోన్‌లో బొమ్మలు రావడం లేదనడానికీ పొద్దున్నే నేను బస్సుకి పరిగెడుతుంటే ఆపేవారు. "మావయ్యగారూ, ఫోన్ పనులన్నీ ఆదివారం పదింటికి, మా అరుగు మీద" అని చెప్పేశాను. ఏమీ అనుకోలేదు. ఇప్పుడు ఆదివారం తొమ్మిదిన్నరకే కుర్చీ తెచ్చుకుని కూర్చుంటున్నారు, తోడుగా ఇంకో ఇద్దరు పెన్షనర్లని వెంటబెట్టుకుని.