అత్తగారి ఫొటోల పెట్టె మీ ఒక్కరి పని కాదు

ప్రశ్న: మా అత్తగారు పోయి ఏడాది దాటింది. సంవత్సరీకాలు కూడా అయ్యాయి. తెనాలిలో ఇల్లు బిల్డర్‌కి ఇస్తున్నాం, రెండు నెలల్లో ఖాళీ చేయాలి. ఒక ట్రంకుపెట్టె, రెండు అట్టపెట్టెల నిండా ఫొటోలు, ఆల్బమ్‌లు, నెగెటివ్‌లు. మూడు వేలకు తక్కువుండవు. మావారు ‘నీకు తోచినవి ఉంచి మిగతావి పారేయ్’ అంటారు. వదినగారేమో ఫోన్ చేసినప్పుడల్లా ‘అమ్మ ఫొటో ఒక్కటి పోయినా ఊరుకోను’ అంటారు. సగం ఫొటోల్లో ఎవరున్నారో నాకు తెలియదు. అత్తగారి చెల్లెలు గుంటూరులో ఉన్నారు కానీ పెద్దావిడని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను. పోయినవాళ్ళ ఫొటోలు చింపితే అరిష్టమని మా అమ్మ భయపెడుతోంది. ఏవి ఉంచాలి, ఏవి పారేయాలి?
— ఒక కోడలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, అరిష్టం సంగతి ముందు తేల్చేద్దాం. మసగ్గా పడిన ఫొటోనో, ఒకే ఫొటోకి నాలుగో కాపీనో పారేస్తే ఏ అరిష్టమూ రాదు. చింపడానికి చెయ్యి రాకపోతే కవర్లో చుట్టి చెత్తబుట్టలో వెయ్యండి. తగలబెట్టడం మాత్రం వద్దు. కలర్ ప్రింట్ల కాగితానికి రెండువైపులా ప్లాస్టిక్ పూత ఉంటుంది, ఆ పొగ పీల్చకూడదు.

ఇక ఏవి ఉంచాలన్నది మీరు తేల్చాల్సిన ప్రశ్నే కాదు. మీ ఉత్తరంలో అసలు చిక్కు మీవారితో. ‘నీకు తోచినవి’ అంటే పెత్తనం ఇచ్చినట్టు వినిపిస్తుంది గానీ, ఆయన మీ చేతిలో పెట్టింది నింద. రేపు వదినగారు ఏదో ఒక ఫొటో అడుగుతారు, అది కనబడదు. ‘ఏమో, అంతా తనే సర్దింది’ అని ఆయన పేపర్లోకి తల దించుకుంటారు. తల్లి ముఖం చూడలేక పెట్టె దగ్గరికి రావడం లేదేమో, కావచ్చు. దానికి జాలిపడండి. జాలి పేరుతో ఆయన పని మీ నెత్తికెత్తుకోవద్దు. తద్దినం ఆయన చేతుల మీదుగానే జరిగింది కదా, ఈ పెట్టె కూడా అంతే. కన్నతల్లి జ్ఞాపకాల్లో ఏది ఉండాలో ఏది పోవాలో కోడల్ని తేల్చమనడం నా లెక్కలో మర్యాద కాదు.

పెట్టెలు ముందు హైదరాబాద్ తెచ్చుకోండి. నాలుగు ఆదివారాలు, పూటకి రెండు గంటలు చాలు. ఆయన పక్కన కూర్చోని రోజు మూత తీయకండి.

మొదటి ఆదివారం ఏదీ పారేయకూడదు, కుప్పలు మాత్రమే. ఏళ్ళవారీగా పేర్చబోతే పదో ఫొటో దగ్గరే ఆగిపోతారు, అందుకని మనుషుల్నీ సందర్భాన్నీ బట్టి వేరు చేయండి. కొన్ని కలర్ ఫొటోల మూలన నారింజరంగు అంకెల్లో తేదీ ఉంటుంది. దాన్నీ గుడ్డిగా నమ్మొద్దు. కెమెరాలో బ్యాటరీ మార్చి తేదీ సరిచేయకపోతే తప్పే పడుతుంది. పిల్లల ఎత్తు, ప్రింటు వెనక స్టూడియో ముద్ర అంతకంటే నికరం.

రెండో వారం ఏరివేత. బ్లాక్ అండ్ వైట్ ఒక్కటీ తీసేయొద్దు. తేలిగ్గా పోయేవి పెళ్ళి ఫొటోలు. అక్షింతలు వేసి జంట పక్కన నిలబడ్డ చుట్టాల వరస, ఒక్కో కుటుంబానికి మూడేసి ఉంటాయి, ఒకటి చాలు. మిగిలినవి ఆ కుటుంబాలకే పంపితే సంతోషిస్తారు. ఊటీలో మనుషుల్లేని కొండలూ పూలచెట్లూ కూడా తీసేయొచ్చు. కానీ సరిగ్గా రాలేదని పక్కన పెట్టే వాటిని ఒకటికి రెండుసార్లు చూడండి. ఏదో ఒకదాంట్లో అత్తగారు బావిగట్టు మీద కూర్చుని, కెమెరా చూసుకోకుండా, పమిట చెంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఉంటారు. వెనక గోడకి క్యాలెండరు, సైకిలు, సగం తెరిచిన వంటింటి తలుపు. ఆ ఇల్లే రెండు నెలల్లో ఉండదు. స్టేజి మీది పట్టుచీర ఫొటోలు పది పోయినా ఇలాంటిది ఒకటి ఉండాలి.

జిగురు పేజీల మీద పల్చటి ప్లాస్టిక్ కప్పిన ఆల్బమ్‌ల దగ్గర జాగ్రత్త. ఆ జిగురు పసుపు చారలై ప్రింటుని పట్టేస్తుంది. గోటితో లాగితే ఫొటో నిలువునా వంగి పొర పగులుతుంది. పళ్ళ సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారాన్ని మూలనుంచి దూర్చి, రంపం లాగినట్టు మెల్లగా అటూ ఇటూ ఆడించండి. మొరాయిస్తే పేజీతో సహా స్కాన్ చేసి వదిలేయండి. ఫ్రేము అద్దానికి అతుక్కున్నదీ అంతే, లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. బూజు పట్టినవి ఎండలో పెట్టొద్దు, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి మెత్తటి బ్రష్‌తో దులపండి, ముక్కుకి మాస్కు కట్టుకుని.

నెగెటివ్‌లు ఒక్కటీ పారేయకండి, అవుంటే ప్రింటు పోయినా భయం లేదు. వెనిగర్ వాసన వేస్తున్నవి మాత్రం వేరే పెట్టి ముందు వాటినే స్కాన్ చేయించండి. ఆ ఫిల్మ్ కుళ్ళడం మొదలైందని అర్థం, పక్కనున్నవాటినీ పాడుచేస్తుంది.

మూడో ఆదివారం గుంటూరు వెళ్ళండి. పెద్దావిడకి ఇబ్బంది అని మీరెలా అనుకున్నారు? అక్క ఫొటోలు చూపించడానికి ఎవరైనా వస్తారా అని ఎదురుచూస్తూ ఉండొచ్చు. తెలియని ముఖాలన్నీ ఆవిడ ముందు పెట్టి, చెప్పిన పేర్లు పాత ప్రింట్ల వెనక మెత్తటి పెన్సిల్‌తో, అంచున, నొక్కకుండా రాయండి. బాల్‌పెన్ ముందువైపు గాడి తేలుస్తుంది. కలర్ ప్రింట్ల వెనక పెన్సిల్ సరిగా పడదు కాబట్టి కాగితపు కవరు మీద రాసి అందులో పెట్టండి.

స్కానింగ్ ఆఖరున, ఏరివేత అయ్యాకే. ప్రింట్లకి 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, చాలు. నాలుగు బై ఆరు అంగుళాల ప్రింటుకి 3600 బై 2400 పిక్సెల్స్ వస్తాయి. వాట్సాప్‌లో పంపితే డాక్యుమెంట్‌గానే పంపండి, మామూలుగా పంపితే కుదించేస్తుంది.

వదినగారికి ఫోన్ మీవారే చేయాలి, మొదటి ఆదివారానికి ముందే. ‘నాలుగు వారాల్లో ఒక్కరోజు వచ్చి కూర్చో, రాలేకపోతే అనుమానం ఉన్నవన్నీ నీకే పంపిస్తా’ అని తమ్ముడి నోటితో చెప్పాలి. ఊరుకోనని అనే ఆవిడ ఒక పూట రాలేరా?

ఆయన అసలు కూర్చోకపోతే, పెట్టెకి తాళం వేసి తీసుకెళ్ళి ఆయన మంచం కిందికే తొయ్యండి. అటక మీద పెట్టకండి. వేసవిలో స్లాబు వేడికీ వానాకాలం చెమ్మకీ ప్రింట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి.