కార్టూన్ బొమ్మల నుంచి శిల్పకళ దాకా

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఎప్పుడు చూసినా మట్టితో సూపర్‌హీరోలు, కార్టూన్ పాత్రలు చేస్తుంటాడు. అమెరికా శిల్పి ‘కాస్’లా అవుతానంటున్నాడు. ఏం చదివించాలి? దీంతో బతకగలడా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: కాస్ అసలు పేరు బ్రయాన్ డోనెల్లీ. ఆయన న్యూయార్క్‌లో డిగ్రీ చేసింది శిల్పంలో కాదు, ఇలస్ట్రేషన్‌లో, అంటే పుస్తకాలకు, పత్రికలకు బొమ్మలు గీయడంలో. 1999లో జపాన్ కంపెనీతో కలిసి తెచ్చిన ‘కంపానియన్’ అనే చిన్న వినైల్ (ఒక రకం ప్లాస్టిక్) బొమ్మే 2019లో హాంకాంగ్ హార్బర్‌లో 37 మీటర్ల గాలిబొమ్మగా తేలింది. దాని ఒళ్లు మిక్కీమౌస్‌ను గుర్తుచేస్తుంది. పుర్రె తల, కళ్ల చోట ఇంటూ గుర్తులు మాత్రం ఆయన సొంతం. మీవాడి బొమ్మల్లో అలా సొంతమైనది ఏముందో ముందు చూడండి.

ఇందులో చట్టం చిక్కు కూడా ఉంది. మన కాపీరైట్ చట్టం (1957) సెక్షన్ 14 ప్రకారం కాగితం మీది బొమ్మను విగ్రహంగా మలిచే హక్కూ దాని కాపీరైట్ ఉన్నవారిదే. ఒక ఫొటో చూసి కుక్కపిల్లల శిల్పం చేయించిన పేరున్న అమెరికా కళాకారుడు జెఫ్ కూన్స్ అంతటివాడే 1992లో అమెరికా కోర్టులో ఓడిపోయాడు. సాధనకు ఎన్ని చేసినా పర్లేదు, అమ్మాలంటే లైసెన్సు కావాలి.

చదువు సంగతి. శిల్పంలో బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) నాలుగేళ్లు. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో సీటు కావాలంటే ఎఫ్ఏడీఈఈ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. బరోడా, శాంతినికేతన్‌లలోని కళా కళాశాలలకూ ప్రయత్నించవచ్చు. ఈ పరీక్షల్లో పడగొట్టేది డ్రాయింగే కాబట్టి రోజూ ఒక గంట ఎదురుగా ఉన్న చెయ్యి, పాదం, కుర్చీ చూసి గీయించండి. పోర్ట్‌ఫోలియోలో, అంటే తను చేసిన పనుల ఫొటోల సంకలనంలో, ఫ్యాన్ ఆర్ట్ (ఇతరుల పాత్రలతో చేసిన బొమ్మలు) రెండుకు మించొద్దు. ఒక్కో బొమ్మకూ ముందు, పక్క, వెనక ఫొటోలు ఉండాలి.

మట్టి పని తెలిస్తే సరిపోదు, అచ్చు తీయడం రావాలి. చెవులు, కొమ్ముల కింద లోపలికి మడత ఉంటే పోత (అచ్చులో పోసి తీసే బొమ్మ) గట్టి అచ్చులో ఇరుక్కుని విరుగుతుంది. అలాంటి చోట అచ్చును ముక్కలుగా తీయాలి, లేదా రబ్బరులా వంగే సిలికాన్ వాడాలి. ఫైబర్‌గ్లాస్ పోతలో కిలో పాలిస్టర్ రెజిన్‌కు (జిగురు లాంటి ద్రవం) దాన్ని గట్టిపరిచే హార్డెనర్ 10 నుంచి 20 గ్రాములు. తక్కువైతే జిగట వదలదు, ఎక్కువైతే వేడెక్కి పగులుతుంది. వానాకాలం తేమలోనూ ఇబ్బందే. గట్టిపడటాన్ని వేగం చేసే కోబాల్ట్ ద్రవాన్ని ముందు రెజిన్‌లో బాగా కలిపాకే హార్డెనర్ పోయాలి. కోబాల్ట్, హార్డెనర్ నేరుగా కలిస్తే మంటలు లేస్తాయి, పేలవచ్చు కూడా. ఇంట్లో, మూసిన గదిలో ఈ పని వద్దే వద్దు. ఆవిరికి తగిన ఫిల్టర్ మాస్క్ ఉండాలి, గుడ్డ మాస్క్ దుమ్మునే సరిగా ఆపదు.

బతుకుతెరువు అంటారా? గ్యాలరీల మీదే ఆధారపడితే మొదటి కొన్నేళ్లు కష్టం, ఆ మాట దాచను. సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్లు, థీమ్ పార్కులు, గేమింగ్ స్టూడియోలకు మోడలింగ్, అంటే పాత్రలను మలచడం, తెలిసినవాళ్లు కావాలి. అందుకే బీఎఫ్ఏ మొదటి ఏడాది నుంచే కంప్యూటర్‌లో త్రీడీ బొమ్మలు చేసే ‘బ్లెండర్’ సాఫ్ట్‌వేర్ నేర్పించండి, అది ఉచితం. బయట ఆర్డర్ ఒప్పుకుంటే సగం అడ్వాన్స్ తీసుకోమనండి. రవాణా, బిగింపు ఖర్చు ఎవరిదో ముందే కాగితం మీద రాయించండి. కొత్తవాళ్ల లాభమంతా పోయేది అక్కడే.