పులిపిరి మీద సున్నం పెట్టే ముందు ఈ పెద్దమ్మ మాట విను

పాపా,

నువ్వు మెడ మీద పులిపిర్లకీ బుగ్గల మీద మంగు మచ్చలకీ ఇంట్లోనే వైద్యం మొదలుపెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ నాకు ఒకటే టెన్షన్. కానీ ముందు తిరుపతి రుయా ఆసుపత్రికి పోయి చర్మం డాక్టరుకి చూపించి, భయపడాల్సిందేమీ లేదని చెప్పించుకున్నావంట కదా, అది విని చాలా గర్వంగా అనిపించింది. మన ఇంట్లో నీకు ముందు ఆ పని చేసినవాళ్లు లేరు.

మామూలు జాగ్రత్తలు నీకు తెలిసినవే: ఏది రాసుకున్నా ముందు మోచేతి మడత లోపల కొంచెం పెట్టి ఒకటి రెండు రోజులు చూడు, మంట పుడితే కడిగెయ్, కంటి దగ్గర ఏదీ వద్దు.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది సున్నం, సోడా. నీ ఫోన్‌లో ఆ వీడియో కూడా ఉందని అమ్మ చెప్పింది. మీ చిన్న పిన్ని ఎప్పుడూ పైట మెడ దాకా లాక్కుంటుంది చూశావా? అది సిగ్గు అనుకునుంటావు. దానికి సంబంధం కుదిరి, తిరుచానూరులో నిశ్చితార్థం పెట్టుకున్న రోజులవి. మెడ కింద ఆవగింజంత పులిపిరి ఉండేది, ఎవరి కంటికీ ఆనేది కాదు. పక్కింటావిడ ఒకామె ఆకుల్లో వేసుకునే సున్నం, బట్టల సోడా కొంచెం తడిపి కలిపి అగ్గిపుల్లతో పెట్టుకోమనింది, మూడో రోజుకు రాలిపోతుందనింది. అది ఎవరికీ చెప్పకుండా రాత్రి పెట్టుకుని పడుకునింది. ఆ రెండూ తడిలో కలిస్తే కాస్టిక్ సోడా పుడుతుంది పాపా. అది మొదట్లో పెద్దగా మండదు కూడా, నొప్పి తెలిసేలోపే తోలు లోపలికి దిగిపోతుంది. తెల్లారేసరికి అక్కడ నల్లగా గుంట పడింది. పులిపిరి పోయింది, నిజమే. పుండు మానడానికి వారాలు పట్టింది, ఆ మానిన చోట తోలు గట్టిగా ఉబ్బి రూపాయి బిళ్లంత మచ్చ లేచింది. కెలాయిడ్ అంటారు, ఛాతీ పైభాగం, భుజాలు, చెవితమ్మెల మీద ఎక్కువగా వస్తుంది. నిశ్చితార్థానికి వచ్చినవాళ్లు ఏం కాలింది, ఎలా కాలింది అని అడుగుతుంటే ఆ పిల్ల తల ఎత్తలేదు. తరవాత డాక్టరు చెప్పిన మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది: ఆ పులిపిరిని మత్తిచ్చి నిమిషాల్లో తీసేసేవాళ్లంట. దాన్ని ఎంత తిట్టానో, అంతకు రెండింతలు దాని పక్కన కూర్చుని ఏడ్చాను. నీ మెడ చూసినప్పుడల్లా నాకు అదే మెడ గుర్తొస్తుంది.

అందుకే చెబుతున్నా, కాల్చేది ఏదీ వద్దు. గుర్రపు వెంట్రుకతో బిగించి కట్టడం కూడా వద్దు, చీము పడుతుంది. నీవి మెత్తగా వేలాడేవి కాబట్టి ఒకరి నుంచి ఒకరికి అంటవు. చేతుల మీద గరుకుగా లేచేవి వేరు, అవి వైరస్ వల్ల వస్తాయి, గిల్లితే పాకుతాయి.

చెట్టు నుంచి వచ్చిందల్లా మంచిదే అని కూడా అనుకోవద్దు. బంగారుపాళ్యం వైపు తోటల్లో మామిడి సొన పడి మూతి బొబ్బలెక్కిన పిల్లల్ని నువ్వే చూశావు. నిమ్మరసం రాసుకుని తిరుపతి ఎండలో బండేసుకుని తిరిగావంటే ఉన్న మచ్చకు తోడు ఇంకో నల్ల మచ్చ. మంగుకు అసలు శత్రువు ఎండే, కాబట్టి గొడుగు, సన్‌స్క్రీన్ మానకు. శనగపిండి, పెరుగు, చిటికెడు కస్తూరి పసుపు పెట్టుకుంటానంటే పెట్టుకో, మొహం మెత్తగా ఉంటుంది, కానీ మంగు వాటితో పోతుందని ఆశ పెట్టుకోవద్దు తల్లీ. కలబంద అయితే మట్ట కోసి, పసుపుపచ్చగా కారే రసం అంతా పోనిచ్చి, కడిగి లోపలి గుజ్జే వాడు. మందుల షాపులో ఎవరో ఇచ్చిన ట్యూబు మాత్రం మొహానికి పూయొద్దు. స్టెరాయిడ్ ఉంటే వారం రోజులు తెల్లగా కనిపించి, తరవాత తోలు పలచబడి మొటిమలు లేస్తాయి. ఆ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే రూల్ కూడా పెట్టారు.

పుట్టుమచ్చల జోలికి అసలు పోవద్దు. పెరిగినా, రంగు మారినా, రక్తం కారినా ఆ రోజే డాక్టరు దగ్గరికి.

నువ్వు ఉన్నట్టే బాగున్నావు, పెళ్లిచూపులు ఉన్నాయని కంగారు పడకు. తీయించుకోవాలనే ఉంటే రుయాలో చర్మం ఓపీ ఏ రోజో కనుక్కుని ఫోన్ చెయ్, చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తాను. ఒక్కదానివే పోవద్దు.

మీ పెద్దమ్మ