గైడు వద్దు, నోటుబుక్కు కొను

అమ్మడూ,

ఎం.ఏ. ఇంగ్లీషుకి ఏ గైడు కొనమంటావు మావయ్యా అని అడిగావు. గైడు వద్దు. కోనసీమ పల్లెల్లో తెలుగు మీడియం చదివి వచ్చిన పిల్లలకి ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి. వాళ్లు తెలివితక్కువ వాళ్లేం కాదు. సార్ నోట్సు ఇచ్చేదాకా పుస్తకం తెరవకపోవడమే వాళ్లని వెనక్కి లాగింది. మార్కులు వచ్చేవి, ఇంటర్వ్యూలో నోరు పెగిలేది కాదు.

తన చదువు బాధ్యత తానే తీసుకోగలగాలని హెన్రీ హోలెక్ అనే ఫ్రాన్స్ పండితుడు 1981లోనే రాశాడు. ఏం నేర్చుకోవాలి, ఎలా, ఎంతవరకు వచ్చింది, అన్నీ నువ్వే చూసుకోవాలన్నమాట. అది పుట్టుకతో రాదు, అలవాటు చేసుకోవాలి అని కూడా ఆయనే అన్నాడు.

‘ఇంగ్లీషు బాగా రావాలి’ అనుకుంటే దానికి కొలత లేదమ్మా. ధవళేశ్వరం బ్యారేజీ చూడ్డానికి వేరే రాష్ట్రం వాళ్లొస్తే రెండు నిమిషాలు తడబడకుండా చెప్పగలగాలి అనుకో. కాటన్ దొర పాత ఆనకట్ట 1852లో పూర్తయిందనీ, మన కాలువలకి నీళ్లు అక్కణ్ణుంచే వస్తాయనీ నీకు తెలిసిందే. మాటలు మాత్రమే వెతుక్కోవాలి. ఫోన్‌లో రికార్డు చేసి విను. నీ గొంతు నీకే నచ్చదు, అయినా చివరిదాకా విను. ‘ద వాటర్ గో టు ద కెనాల్స్’ అని వినపడితే, ‘గోస్’ అనాలని నీకే తడుతుంది. అది నోటుబుక్కులో రాసుకుని ఆ వారం అదొక్కటే సరిచెయ్యి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. వారం తర్వాత మళ్లీ అదే చెప్పి రికార్డు చెయ్యి, రెండూ వరసగా విను.

చదవడానికి నీకు నచ్చిందే తీసుకో, వంటలైనా క్రికెట్టయినా. లైనుకోసారి డిక్షనరీ తీయాల్సి వస్తే తేలికది పట్టుకో.

అలాగని సార్లని వదిలెయ్యమనడం లేదు. ‘నాకు ఇంగ్లీషు రావట్లేదు సార్’ అంటే ఆయన మాత్రం ఏం చేస్తారు? నోటుబుక్కు చూపించి, ఈ మూడు వాక్యాల్లో ‘ద’ ఎక్కడ రావాలో తేలడం లేదండి అని అడుగు, కూర్చోబెట్టి చెబుతారు. నీతో బస్సులో వచ్చే రావులపాలెం అమ్మాయితో వెళ్లేటప్పుడు ఇంగ్లీషే అని ఒప్పందం పెట్టుకో. నవ్వేవాళ్లని నవ్వనీ.

నెలాఖరుకి ఒక రికార్డింగు పంపు. అందులో నీకు దొరికిన తప్పులు ముందు నువ్వే రాసి పంపాలి. ఆ చిట్టా లేకపోతే నేను విననమ్మా.

దీవెనలతో,
మావయ్య