పంప్ ఆన్ చేసే ముందు

బుజ్జీ,

విజయనగరంలో మీ ల్యాబ్‌లో కిడ్నీ కణాలను సన్నని కాలువ ఉన్న చిన్న సిలికోన్ చిప్‌లో పెంచి, వాటి మీదుగా ద్రవం పారించబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మీ తాతగారిని డయాలిసిస్‌కి తిప్పిన ఇంటి పిల్ల ఈ పనికి పూనుకుందంటే నాకు ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది.

ఆలోచన మంచిదే. కిడ్నీ నాళికల్లోని కణాలు పుట్టినప్పటి నుంచి పారే ద్రవం కిందే బతుకుతాయి. వాటి మీద ఉండే సీలియం అనే సన్నని వెంట్రుకలాంటిది ప్రవాహానికి వంగుతుంది. డిష్‌లో నిలవ ఉన్న మీడియంలో, అంటే కణాల తిండి ద్రవంలో, పెంచితే అవి చెయ్యాల్సిన పని చాలావరకు మానేస్తాయి. 2013లో హార్వర్డ్‌లోని వీస్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మనిషి కిడ్నీ కణాలను చిప్‌లో పెట్టి, చదరపు సెంటీమీటరుకు 0.2 డైన్ల (డైన్ అంటే బలానికి చిన్న కొలత) రాపిడితో ద్రవం పారిస్తే సీలియా పెరిగాయి, ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ని పీల్చుకోవడమూ పెరిగింది. ఆ అంకె గుర్తుపెట్టుకో. రక్తనాళాల పేపర్లు చదివి 10, 15 డైన్లు పెట్టేవు, అది ధమని కణాల లెక్క. ఇంకొకటి: కాలువ ఎత్తు సగం తగ్గితే, పంప్ వేగం అంతే ఉన్నా రాపిడి నాలుగు రెట్లవుతుంది. అచ్చు పోశాక ఎత్తు మైక్రోస్కోప్ కింద కొలువు. డ్రాయింగ్‌లో ఉన్న అంకెను నమ్మకు.

మిగతావి నీకు తెలిసినవే. సిలికోన్‌కి ప్లాస్మా (రక్తంలోది కాదు, అయనీకరించిన వాయువు) పట్టించి కొలాజెన్ ప్రోటీన్ పూత వెయ్యి. కణాలు బాగా అంటుకునేదాకా పంప్ ముట్టుకోకు. మీడియం ముందే 37 డిగ్రీలకి వెచ్చబెట్టు, లేకపోతే ఇంక్యుబేటర్‌లో బుడగలు వస్తాయి, ఒక్క బుడగ చాలు కణాలన్నిటినీ ఊడ్చుకుపోవడానికి. మైకోప్లాస్మా అనే బాక్టీరియా ఉందేమో చూసే టెస్ట్ మానకు, దానికి కణగోడ ఉండదు కాబట్టి పెన్సిలిన్ దాన్నేమీ చెయ్యలేదు, మీడియం మసకబారదు కాబట్టి కంటికీ దొరకదు.

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసిన ఒక ల్యాబ్‌లో మా సీనియర్ ఒకాయన ఎముక కణాల మీద ఇలాగే ద్రవం పారించారు. ప్రవాహం ఉన్న చిప్‌లో కణాలు నిండుగా పెరిగాయి, పక్కన కదలకుండా ఉంచిన చిప్‌లో పలచగా మిగిలాయి. ప్రవాహం తోపుకే పెరిగాయని ఆయన తేల్చేశారు. ఒక సమావేశంలో చెప్పేశారు, ఒక కుర్రాడి థీసిస్ మొత్తం దాని మీదే కట్టారు. కొన్నాళ్ళకి కొత్తగా చేరిన ఒక అమ్మాయి అడిగింది: "సార్, కదలని చిప్‌కి మీడియం ఎప్పుడు మారుస్తున్నారు?" రెండు రోజులకోసారి. ఆ కాలువలో పట్టేది కొన్ని మైక్రోలీటర్లు. పారే చిప్‌కేమో నిమిషనిమిషానికీ కొత్త తిండి అందుతోంది, పక్కదానికి ఉన్న నాలుగు చుక్కలూ గంటల్లో అయిపోతున్నాయి. ఇన్నాళ్ళూ మేం చూసిన తేడా ఆకలిది.

ఆ అమ్మాయే దారి కూడా చూపించింది. మీడియంలో డెక్స్‌ట్రాన్ అనే చక్కెర గొలుసుల పదార్థం కలిపి చిక్కన చేసింది. పంప్ వేగం మారదు కాబట్టి తిండి అంతే అందుతుంది, చిక్కదనం రెట్టింపైతే రాపిడి మాత్రం రెట్టింపవుతుంది. అలా చేస్తే పెరుగుదలలో ఏ మార్పూ రాలేదు. సీనియర్ చాలా రోజులు ఒప్పుకోలేదు. ఒప్పుకునేసరికి ఆ కుర్రాడి ఫెలోషిప్ అయిపోయింది. ఇంటి మీద అప్పుంది. చదువు వదిలేసి ఊరెళ్ళిపోయాడు. చెప్పింది చెప్పినట్టు చేసినవాడు, తప్పు అతనిది కాదు. నాకు ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు.

అందుకే చెబుతున్నాను, నీ కదలని చిప్‌ని కూడా కన్నబిడ్డలా చూసుకో. అదే సిలికోన్, అదే పూత, అదే ఇంక్యుబేటర్ అర, తరచుగా మెల్లగా మార్చే మీడియం ఉండాలి. డెక్స్‌ట్రాన్ చిప్ ఇంకోటి పెట్టు. మీ గైడ్ గారు ఖర్చు అంటే నా పేరు చెప్పు, నేనే మాట్లాడతాను.

అక్టోబర్‌లో పొడుగు ప్రయోగం మొదలుపెట్టకు. చాదస్తం అనుకోకు. 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న, 2018లో తిత్లీ అక్టోబర్ 11న తీరం దాటాయి. తిత్లీ మన పలాస దగ్గరే దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలి, ఊళ్ళకి ఊళ్ళు రోజుల తరబడి కరెంట్ లేకుండా ఉన్నాయి. కరెంట్ పోతే ఇంక్యుబేటర్ చల్లబడుతుంది, పంప్ ఆగుతుంది. లిక్విడ్ నైట్రోజన్‌కి కరెంట్ అక్కర్లేదు. సెప్టెంబర్‌లోనే కణాలను ఫ్రీజ్ చేసి, సగం విశాఖలో తెలిసినవాళ్ళ దగ్గర పెట్టు. తుఫాను హెచ్చరిక వస్తే అన్నీ వదిలేసి ఇంటికి వచ్చెయ్. కణాలు మళ్ళీ పెరుగుతాయి.

ఇంకో మాటకి నిన్ను తిట్టాలి. ఉద్దానంలోని కవిటి వెళ్ళినప్పుడు "ఈ జబ్బు ఎందుకొస్తుందో నేను కనిపెడతా" అన్నావట. ఎందుకమ్మా ఆ మాట? ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో పెద్దపెద్దవాళ్ళు వచ్చి నీళ్ళు, మట్టి, రక్తం పరీక్షించి చూశారు, ఇదీ కారణమని ఇంకా తేలలేదు. నీ చిప్‌లో ఒక నీటి నమూనా పోస్తే కణాలు చచ్చిపోయాయనుకో, అది చిప్‌లో జరిగిన సంగతి మాత్రమే. డయాలిసిస్ మంచం మీదున్న మనిషి నీ మాట పట్టుకుని ఊరి బావి మానేస్తాడు, లేదా మందు మానేస్తాడు. వాళ్ళు అడిగితే "చదువుతున్నాను మామయ్యా" అను చాలు. నీ ఆత్రం నాకు తెలుసు అమ్మలూ, తాతగారి చివరి రోజుల్లో నువ్వు ఆయన మంచం దగ్గర నుంచి కదల్లేదు. ఆ ప్రేమ పనిలో పెట్టు.

రాత్రి ల్యాబ్‌లో ఒక్కదానివే ఉండకు, అన్నం వేళకి తిను. అచ్చు చేయించే ముందు కాలువ వెడల్పు, ఎత్తు, పంప్ వేగం నాకు పంపించు. రాపిడి లెక్క ఇద్దరం విడివిడిగా వేసి సరిచూసుకుందాం.

మీ పెద్దమ్మ,
శ్రీకాకుళం