మూడో అభ్యర్థి గురించి రాసేటప్పుడు

అమ్మా మాధవీ,

అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రెండు పెద్ద పార్టీలకీ బయట నిలబడే మూడో అభ్యర్థుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. వాక్యం బాగా నడుస్తోంది, ఆ దిగులు లేదు. దిగులంతా అంకెలతోనే.

1992 జూన్‌లో గ్యాలప్ సర్వేలో 39 శాతంతో అప్పటి అధ్యక్షుడు పెద్ద బుష్‌నీ, క్లింటన్‌నీ దాటేసిన స్వతంత్ర అభ్యర్థి రాస్ పెరో నవంబరుకి 19 శాతం దగ్గర ఆగాడని రాసి, వెంటనే ‘సర్వే బోల్తా కొట్టింది’ అని తేల్చేశావు. ఇది మింగుడు పడలేదు. ఆ మధ్యలో ఏం జరిగిందో ఒక్క ముక్కా లేదే! జులై 16న పోటీ నుంచి తప్పుకున్నాడు. అక్టోబరు 1న మళ్లీ దిగాడు. టీవీలో అరగంట సమయం డబ్బిచ్చి కొనుక్కుని, చార్టులు చూపిస్తూ బడ్జెట్ లోటు గురించి పాఠం చెప్పాడు. మూడు చర్చల్లోనూ మిగతా ఇద్దరి సరసన నిలబడ్డాడు. తిరిగొచ్చేనాటికి పది శాతం కూడా లేనివాడు నెల రోజుల్లో దాదాపు రెట్టింపు చేసుకున్నాడు. జూన్ అంకె జూన్‌కి నిజమే. దాన్ని నవంబరు జోస్యంగా చదివింది నువ్వు.

అలాగని ‘మూడోవాడు చివరికి జారిపోతాడు’ అన్న సూత్రం కొట్టెయ్యమనను. 1980 వేసవిలో ఇరవై దాటిన జాన్ ఆండర్సన్ 6.6 దగ్గర తేలాడు. ఫోన్‌లో అడిగినవాడికి పేరు చెప్పేస్తే పోయేదేమీ లేదు. బూత్‌లోకి వెళ్లాక ఓటు వృథా అవుతుందన్న భయం పట్టుకుంటుంది. 2016లో గ్యారీ జాన్సన్ సర్వేల సగటులో తొమ్మిది దాకా వెళ్లి 3.3తో సరిపెట్టుకున్నాడు. అప్పటికి చర్చల్లోకి రానివ్వాలంటే జాతీయ సర్వేల్లో 15 శాతం ఉండాలన్న నియమం ఉండేది. చర్చల్లో కనబడకపోతే ఆ 15 వచ్చేదెలా? పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు! ఈ మెలిక నీ వ్యాసంలో అసలు లేదు.

శాతం పక్కన ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా వచ్చే, అధ్యక్షుణ్ణి తేల్చే ఓట్లు) కూడా వెయ్యి. 1968లో జార్జ్ వాలెస్ 13.5 శాతంతోనే దక్షిణాది రాష్ట్రాలు ఐదు గెలిచి 46 ఓట్లు పట్టుకుపోయాడు. పెరోకి దేశమంతా పలచగా పడ్డాయి, వచ్చింది సున్నా.

ఇక ‘గ్రీన్ పార్టీ నేడర్ ఓట్లు చీల్చి డెమొక్రాట్ గోర్‌ని ముంచాడు’ అన్న నీ మాట. 2000లో ఫ్లోరిడాలో చిన్న బుష్ ఆధిక్యం 537 ఓట్లు, నేడర్‌కి 97 వేల పైచిలుకు. నిజమే. కానీ నేడర్ బరిలో లేకపోతే వాళ్లలో గోర్‌కి వేసేవాళ్లెందరు, బుష్‌కి వేసేవాళ్లెందరు, ఇంట్లో కూర్చునేవాళ్లెందరు? ఆ లెక్క కట్టకుండా ‘ముంచాడు’ అనకు. పెరో ఓటర్లని 1992 ఎగ్జిట్ పోల్‌లో రెండో ఎంపిక అడిగితే పెద్ద బుష్‌కీ క్లింటన్‌కీ సమానంగా చీలారు. ఆయన వల్లే బుష్ ఓడాడని మన పత్రికల్లో ఇప్పటికీ రాస్తూనే ఉంటారు, అది వేరే సంగతి.

రాబర్ట్ ఎఫ్. కెన్నెడీ జూనియర్ సంగతి ఒక్క వాక్యంలో తోసేశావెందుకు? 2024 ఆగస్టు 23న ప్రచారం ఆపి ట్రంప్‌కి మద్దతిచ్చాక కూడా మిషిగన్, విస్కాన్సిన్ బ్యాలెట్లలో ఆయన పేరు అలాగే ఉండిపోయింది. దాన్ని రెండు పేరాలు చెయ్యి. ప్రతి సర్వే పక్కనా తేదీ, అడిగిన ప్రశ్నలో ఎన్ని పేర్లు చదివారో వేసి ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు