28 ఏళ్లకి నీట్ రాయాలా, నర్సింగ్‌లో చేరాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ఇంటర్ బైపీసీ, తర్వాత బయోటెక్నాలజీ డిగ్రీ, ఆరేళ్లుగా మెడికల్ కోడింగ్ (రోగాలకి, చికిత్సలకి బిల్లుల కోసం కోడ్‌లు వేసే పని) ఉద్యోగం, వయసు 28. మొన్న మీ నాన్నగారు విజయవాడలో 20 రోజులు ఐసీయూలో ఉన్నప్పుడు దగ్గరుండి చూసుకున్నారు. అప్పటి నుంచి కంప్యూటర్ ముందు కూర్చోబుద్ధి కావడం లేదన్నారు. ఉద్యోగం మానేసి నీట్ (ఎంబీబీఎస్ ప్రవేశ పరీక్ష) లాంగ్ టర్మ్ కోచింగ్‌లో చేరాలా, బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలా అన్నది మీ సందేహం. ఇంట్లో వాళ్లేమో "చదివితే డాక్టరే చదువు, నర్సు కావడానికి ఉద్యోగం మానుకుంటావా" అంటున్నారు.

ఆ మాట నేనూ పడ్డాను. మాది గుంటూరు. డిగ్రీ అయ్యాక ఒక ప్రైవేటు బ్యాంకులో నాలుగేళ్లు క్యాష్ కౌంటర్‌లో పనిచేశాను. 25వ ఏట మానేసి విజయవాడ హాస్టల్లో ఉండి నీట్‌కి చదివాను. గదిలో నాతోపాటు ఉన్న ముగ్గురు పిల్లలకీ అప్పుడే ఇంటర్ అయింది. 2019లో పరీక్ష రాశాను. 25 ఏళ్ల వయోపరిమితి మీద అప్పట్లో సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. పరీక్ష రాయనిచ్చారు గానీ, వయసు దాటినవాళ్లకి సీటు మాత్రం తీర్పు మీద ఆధారపడి ఉంటుందన్నారు. ఆ టెన్షన్‌తోనే రాశాను. 720కి 386 వచ్చాయి. తక్కువ ఫీజుండే కన్వీనర్ కోటాలో సీటు రాదు. మేనేజ్‌మెంట్ కోటా ఫీజు మా నాన్న రైసు మిల్లు గుమస్తా జీతానికి అందేది కాదు. ఆ ఏడాదే గుంటూరులో బీఎస్సీ నర్సింగ్‌లో చేరాను.

మొదటి ఏడాదంతా మనసులో ఓడిపోయాననే ఉండేది. క్లినికల్ పోస్టింగ్‌లో ఎంబీబీఎస్ చదివే పిల్లలు తెల్లకోట్లు వేసుకుని రౌండ్స్‌కి వస్తే అటు తిరిగి దుప్పట్లు సర్దుతూ ఉండేదాన్ని. అది పోవడానికి రెండేళ్లు పట్టింది. అందుకే చెబుతున్నాను, 'అది రాకపోతే ఇదైనా' అనుకుని మాత్రం నర్సింగ్‌కి రాకండి. మన మొహంలో ఉన్న ఆ వెలితి మంచం మీద ఉన్న మనిషికి తెలిసిపోతుంది.

ఇప్పుడు విజయవాడలో ఒక ఆసుపత్రి ఐసీయూలో చేస్తున్నాను. రెండు పనులకీ తేడా ఏమిటో ఒక రాత్రి జరిగింది చెబితే తెలుస్తుంది. నరసరావుపేట వైపు నుంచి వచ్చిన పెద్దాయన, 60 కిలోల మనిషి, కడుపు ఆపరేషన్ అయి రెండో రోజు. రాత్రి ఒంటిగంటకి యూరిన్ బ్యాగ్ చూస్తే గంటలో 25 మిల్లీలీటర్లు వచ్చింది. రెండింటికి 20. మూడింటికి 15. ఆ బరువుకి గంటకి కనీసం 30 రావాలి. మానిటర్‌లో బీపీ పెద్దగా తేడా లేదు, అలారం ఏదీ మోగలేదు. చెయ్యి పట్టుకుంటే వేళ్లు మాత్రం చల్లగా ఉన్నాయి. గొట్టం ఎక్కడైనా మడత పడిందేమోనని మొదట నుంచి చివరిదాకా తడిమి చూశాను. పడలేదు. వెంటనే డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఆయన వచ్చి పొట్ట నొక్కి చూశారు, రక్త పరీక్షలు పంపించారు, సెలైన్ ఎంత వేగంగా ఎక్కించాలో రాశారు, సర్జన్‌గారిని నిద్ర లేపి మాట్లాడారు. అంతా పావుగంటలో అయిపోయింది. తర్వాత ఇంకో వార్డుకి వెళ్లిపోయారు. వెళ్లక తప్పదు, ఆ రాత్రి ఆయన ఒక్కరే మూడు వార్డులు చూస్తున్నారు. నేను తెల్లారేదాకా ఆ మంచం దగ్గరే ఉన్నాను. గంటకోసారి చార్టులో రాస్తూ, ఆయన "ఏమైందమ్మాయ్" అని అడిగినప్పుడల్లా అర్థమయ్యేలా చెబుతూ. ఆరింటికి 40 వచ్చింది.

ఎందుకలా అయిందో, ఏం చెయ్యాలో తేల్చింది డాక్టర్. తేడా ఉందని ముందు పసిగట్టింది, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉన్నది నర్సు. మీ నాన్నగారి దగ్గరున్న ఆ 20 రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మందు ఎందుకు మార్చారు, స్కాన్‌లో ఏం కనిపించింది అని రాత్రి ఇంటికెళ్లాక కూడా ఆలోచిస్తూ ఉండేవారా? లేకపోతే సిస్టర్ ఆయన్ని పక్కకి తిప్పి, పుండు పడకుండా వీపు తుడిచి, నోరు తడిపి, నిద్ర పట్టేలా చూసుకోవడం దగ్గర మీ కళ్లు ఆగాయా? మొదటిదైతే నర్సింగ్‌లో మీకు తృప్తి ఉండదు. నిర్ణయం మీ చేతిలో లేదన్న బాధ పోదు. రెండోదైతే ఎంబీబీఎస్ చదివినా మీరు కోరుకున్నది పెద్దగా దొరకదు. ఇంట్లో వాళ్లు అనేదాన్ని బట్టి కాకుండా దీన్ని బట్టి తేల్చుకోండి.

ఇక వయసు లెక్క. ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. ప్రిపరేషన్‌కి ఏడాది వేసుకుని, మొదటిసారే సీటు వచ్చిందనుకున్నా చేతికి డిగ్రీ వచ్చేసరికి 35 అవుతుంది. పీజీ మరో మూడేళ్లు. 2022లో నేషనల్ మెడికల్ కమిషన్ నీట్‌కి గరిష్ఠ వయసు తీసేసింది కాబట్టి నేను పడ్డ టెన్షన్ మీకు ఉండదు. కానీ ఈ పదేళ్లూ ఇల్లు ఎవరి సంపాదనతో గడవాలి, నాన్నగారి మందుల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి అన్నది ముందే కాగితం మీద రాసుకోండి.

నర్సింగ్ వైపు కూడా వయసు గడువులు ఉన్నాయి. వీటి గురించి నాకు ఎవరూ చెప్పలేదు. బీఎస్సీ నర్సింగ్‌లో చేరడానికి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన గరిష్ఠ వయసు 35. ఎప్పటికైనా నర్సింగ్ ఉంది కదా అని నీట్ చుట్టూ ఏళ్ల తరబడి తిరగకూడదు. ఎయిమ్స్‌లకి నర్సింగ్ ఆఫీసర్లను తీసుకునే నార్సెట్ పరీక్షకి 30 ఏళ్లే పరిమితి. ఓబీసీలకి మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకి ఐదేళ్లు సడలింపు ఉంది. నాకు సడలింపు లేదు, కోర్సు చేతికి వచ్చేసరికి 30 దాటింది. మంగళగిరి ఎయిమ్స్ ముందు నుంచి బస్సులో డ్యూటీకి వెళ్తున్నప్పుడల్లా నీట్‌కి పోయిన ఆ ఒక్క ఏడాది గుర్తొస్తుంది. మీరు ఈ ఏడాదే చేరినా పూర్తయ్యేసరికి 32. మీకు సడలింపు వర్తిస్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి.

జీతం సంగతీ దాచను. బ్యాంకులో మానేసేటప్పుడు నాకు నెలకి 24,000 వచ్చేది. నాలుగేళ్లు నర్సింగ్ చదివాక మొదటి నెల చేతికి వచ్చింది 16,000. ఐసీయూ అనుభవం వచ్చే కొద్దీ పెరుగుతుంది, పెరిగింది కూడా. నా బ్యాచ్ వాళ్లు ఇద్దరు గల్ఫ్‌లో ఉన్నారు, ఒకామె జర్మనీ కోసం ఆ భాష నేర్చుకుంటోంది. మీరు నాన్నగారిని వదిలి వెళ్లలేరని రాశారు కాబట్టి ఆ లెక్కలు పక్కన పెట్టండి. ఇక్కడి జీతంతో సరిపెట్టుకోగలరా అన్నదే చూడండి. రాత్రి డ్యూటీలు నెలలో కనీసం వారం తప్పవు.

కాలేజీ చూసుకునేటప్పుడు రంగు రంగుల బ్రోచర్ చూసి మోసపోకండి. సొంత ఆసుపత్రి ఉందా, అందులో మంచాల మీద నిజంగా పేషెంట్లు ఉన్నారా అని మధ్యాహ్నం పూట వెళ్లి కళ్లారా చూడండి. మా పోస్టింగ్స్ కొన్ని గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌లో పడ్డాయి. చేతికి పని వచ్చింది అక్కడే. ఒక వరండాలో నలభై మంది పేషెంట్ల మధ్య నేర్చుకున్నది ఏ ల్యాబ్ బొమ్మ మీదా రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చే ముందు రసీదు అడగండి. నా క్లాస్‌మేట్ ఒకామె ఇంట్లో ఇబ్బందుల వల్ల రెండో ఏడాది మానేస్తానంటే, మిగతా ఫీజంతా కడితేగానీ సర్టిఫికెట్లు ఇవ్వమన్నారు. ఏడు నెలలు తిరిగింది ఆ పిల్ల.

ఎంబీబీఎస్సే మీది అనిపిస్తే ఉద్యోగానికి రాజీనామా ఇప్పుడే ఇవ్వకండి. పాత నీట్ పేపర్ ఒకటి తీసుకుని ఒక ఆదివారం మూడు గంటలు గడియారం పెట్టుకుని 180 ప్రశ్నలూ రాయండి. బయాలజీలో మీకు పట్టు ఉంటుంది, కోడింగ్ చేసినవాళ్లకి శరీరం గురించిన పదాలన్నీ నోటికి వచ్చే ఉంటాయి. ఫిజిక్స్‌లో ఎన్ని వచ్చాయో చూడండి. నన్ను ముంచింది అదే. మూడు నెలలు ఉద్యోగం చేస్తూనే ఫిజిక్స్ ఒక్కటే చదివి, ఇంకో పేపర్ రాయండి. మార్కులు పెరిగితే అప్పుడు మానేయండి. అదీ ఒక్క ఏడాదికే, రెండో ఏడాదికి పొడిగించకుండా.

నాన్నగారిని ఫాలోఅప్‌కి తీసుకెళ్లేటప్పుడు ఒక గంట ముందు బయల్దేరండి. ఐసీయూలో ఆయన్ని చూసుకున్న సిస్టర్ ఎవరైనా ఉంటే, రాత్రి డ్యూటీ అప్పజెప్పి బయటికి వచ్చే వేళకి, ఉదయం ఎనిమిది దాటాక, క్యాంటీన్ దగ్గర కలిసి మాట్లాడండి. కుదిరితే డ్యూటీ డాక్టర్ని కూడా. మీ పనిలో ఏది నచ్చదు అని అడగండి. ఇద్దరూ చెప్పింది ఇంటికి వచ్చాక రాసుకుని, ఏ కష్టమైతే మోయగలననిపిస్తుందో నాకు రాయండి. అప్పుడు కాలేజీల గురించి వివరంగా మాట్లాడుకుందాం.